పుష్టిదుర్గంలో పంక్తి భోజనం

చుట్టూ నిట్టనిలువు లోయ. ఆ లోయ నడుమ ఒంటికొండ మీద పుష్టిదుర్గం ఉదయపు ఎండకు ధగధగ మెరిసిపోతోంది. పగడపు రంగు రాతిగోడలు, ఆ గోడల నిండా కుస్తీ పడుతున్న సింహాల బొమ్మలు, గంధపు చెక్క స్తంభాలు, స్తంభాల మధ్య నూనే మజ్జిగా పసుపూ కలిపి తడిపిన ఎర్రమట్టి గోదాలు. ఆ గోదాల్లో బారులు తీరిన యువకులు దండీలు తీస్తున్నారు, బస్కీలు తీస్తున్నారు, కొయ్యగదలు గిరగిర తిప్పుతున్నారు. వాళ్ల వెనక వంటశాలలో మనిషి దిగి ఈత కొట్టగలిగినంత కాగులు కుతకుత ఉడుకుతున్నాయి. ఉలవల వాసన ఒకపక్క, కాగిన నెయ్యి వాసన ఒకపక్క. కడుపు కాలే కుర్రవాడెవడైనా ఆ గాలి పీలిస్తే, బతికితే ఇక్కడే బతకాలిరా అనుకుంటాడు.

మన రాజకుమారుడు కీర్తిధ్వజుడికి మాత్రం ఆ వాసన తగిలితే చాలు, కాళ్లు చల్లబడుతున్నాయి.

ఇక్కడ అతని పేరు కీర్తిధ్వజుడు కాదు. హేమకూట రాజ్యానికి యువరాజన్న సంగతి తెలిస్తే ఆ క్షణమే లోయలోకి తోసేస్తారు. అందుకని జుట్టుకు ఆముదం పట్టించి, ఒంటికి బూడిద పూసుకుని, కొండల్లోంచి వచ్చిన సింగడినని చెప్పి కోటలో చేరాడు. చేరింది కండలు పెంచుకోవడానికి కాదు, మారన కోసం.

మారన ఎవరంటారా? కీర్తిధ్వజుణ్ణి పెంచిన దాది గురవమ్మ కొడుకు. రాణిగారికి పాలు పడకపోతే గురవమ్మ తన పాలు యువరాజుకు పట్టింది. మిగిలితే తన బిడ్డకు, మిగలకపోతే గంజి తేట. ఒకడు బొద్దుగా పెరిగాడు, ఒకడు పుల్లలా పెరిగాడు. రాజవీధిలో పిల్లలంతా మారనను "బక్కోడా, బక్కోడా" అని ఏడిపించేవాళ్లు. పెద్దయ్యాక కూడా ఆ మాట వాడి వెంటపడి తిరిగింది. కిందటి చలికాలం ఒక చాటింపు వచ్చింది. పుష్టిదుర్గంలో చేరినవాడికి మూడు పూటలా కడుపునిండా తిండి, కసరత్తు నేర్పడానికి గురువులు, అందరికంటే మిన్నగా కండ పట్టినవాడికి పై బురుజులో కొలువు. మారన తల్లికి చెప్పకుండా వెళ్లిపోయాడు. గురవమ్మ యువరాజు ముందు నిలబడి ఏడవలేదు, అరవలేదు. "మీ అన్నను తీసుకురా నాయనా" అని ఒక్కమాట అంది. ఆ మాటకు మనవాడు గుర్రమైనా ఎక్కకుండా బయల్దేరాడు.

ఇప్పుడు ఆ ఇద్దరూ పంక్తిలో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఎదుట అరిటాకులు.

"తినండి నాయనా, తినండి. ఆకులో మెతుకు మిగలకూడదు. మిగిలితే నా మీద ఒట్టే" అంటూ బూచెమ్మ వడ్డిస్తోంది.

ఈ బూచెమ్మ వంటశాలకు పెద్ద. చేతిలో ఆమె ఎత్తు ఇత్తడి గరిటె. గొంతు మాత్రం పసిబిడ్డకు గోరుముద్దలు పెట్టే తల్లి గొంతులా ఉంటుంది. ఆకులో మెతుకు మిగిల్చినవాణ్ణి కూడా అదే గొంతుతో "పాపం, అరగలేదేమో" అని బుజ్జగిస్తూ తీసుకువెళుతుంది. అలా వెళ్లినవాడు మళ్లీ పంక్తికి రాడు. అందుకే అక్కడ ఎవరికీ ఆకలి లేదు, ఉన్నదంతా భయమే. భయంతో నములుతారు, భయంతో మింగుతారు.

వడ్డన కూడా అంతా ఇంతా కాదు. ఉలవగుగ్గిళ్లు, మొలకెత్తిన పెసలు, నానిన సెనగలు, ఉడికించిన నాటుకోడి గుడ్లు, మిరియాలు వేసి వేయించిన మేక కార్జం, మీగడ తీసిన చిక్కటి మజ్జిగ. అవి ఒక సగం. రెండో సగంలో నెయ్యి వరదలై పారే అన్నం, పరమాన్నం, బూరెలు, అరిసెలు, వెన్నముద్ద. అందరికీ అన్నీ, అందరికీ ఒకే కొలత. పంక్తిలో ఒకడికి గరిటె నిండుగా, ఒకడికి వెలితిగా వడ్డించడం ఆ కోటలో లేదు.

"కొండడి ఆకు వేసిన చోటు ఇదే" అన్నాడు మారన, పెదవి కదలకుండా.

కొండడు మారనకు ఇక్కడ దొరికిన స్నేహితుడు. కుడి భుజం మీద తేలు పచ్చబొట్టు ఉండేదట. పోయిన అమావాస్యకు వాణ్ణి తూకానికి పిలిచారు. తూకం లోపలి వాకిట్లో, తలుపులు మూసి వేస్తారు. పిలిచినవాళ్లు తప్ప ఎవరూ చూడరు, చూసినవాళ్లెవరూ గోదాకు తిరిగి రారు. బురుజులో కొలువు దొరికిందట అని మిగిలినవాళ్లు ఈర్ష్య పడతారు.

కీర్తిధ్వజుడు ఆ కొలువు ఎలాంటిదో కళ్లారా చూశాడు. చూసినప్పటి నుంచి మింగిన ముద్ద మింగినట్టు అరగడం లేదు.

కోటలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఉలవచారు కుండ మోసుకుని బూచెమ్మ వెంట బురుజెక్కమన్నారు. కుండ గడప దగ్గర దించి పొమ్మన్నారు. పోకుండా స్తంభం చాటున నిలబడ్డాడు. గది నిండా దీపాలు. పట్టపగలు అన్ని దీపాలెందుకో అనుకుంటూ తొంగి చూశాడు. నిలువుటద్దం ముందు ఒక ఆకారం నిలబడి ఉంది. తల పుర్రె, ఛాతీ ఎముకల గూడు, ఎడమ చెయ్యి ఎండుపుల్ల. కానీ తొడలు మాత్రం మహామల్లుడి తొడలు. కుడి చెయ్యి కండలు తిరిగి, నరాలు ఉబ్బి, నిగనిగలాడుతోంది. ఆ చేతి మీద తేలు పచ్చబొట్టు.

వాడే శుష్కనాథుడు. పుష్టిదుర్గానికి ప్రభువు. ఏనాటి శాపమో వాడు తిన్నది వాడి ఒంటికి పట్టదు. కాబట్టి ఇతరులకు తినిపిస్తాడు, వాళ్ల ఒంటికి పట్టినది మంత్రంతో ఒలుచుకుని తొడుక్కుంటాడు.

"చెయ్యి కుదిరింది, తొడలు కుదిరాయి. ఇక వీపు కావాలి, బూచెమ్మా" అన్నాడు వాడు. ఎండిన ఆకుల మీద ఎవరో నడిచినట్టు ఉంది ఆ గొంతు.

"ఆ హేమకూటం బక్కోడు, మారన. వాడి వీపు నిర్మాణం చూస్తే ముచ్చటేస్తుంది స్వామీ. కాకపోతే ఇంకా గట్టిపడలేదు. నేనేం చెయ్యను, పంక్తిలో అందరికీ ఒకటే వడ్డించాలన్నది మీ మంత్రానికి కట్టడి కదా. భేదం చేస్తే మంత్రం చెడుతుందాయె. ఆలస్యమవుతుంది మరి" అంది బూచెమ్మ.

కీర్తిధ్వజుడి పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్లు ఎలా దిగాడో అతనికే తెలియదు. ఆ సాయంత్రమే గోదా మూల మారనకు సంగతంతా చెప్పాడు. 

"నా వీపా?" అని మారన తన వీపు తానే తడుముకున్నాడు. "చినదొరా, నేను తినడం మానేస్తాను."

"మానేస్తే మెతుకు మిగులుతుంది. మెతుకు మిగిలితే బూచెమ్మ వస్తుంది."

"మరేం చేద్దాం?"

అప్పుడు మన రాజకుమారుడికి ఒక ఉపాయం తట్టింది. తట్టకపోతేనే బాగుండేదని ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకండి.

అతను ఆలోచించినది ఇది. హేమకూటంలో ఏటా తండ్రికి తులాభారం జరుగుతుంది. మహారాజు ఎంత బరువు తూగితే ప్రజలకు అంత ఆనందం. తూకంలో బరువు తూగినవాడే బలవంతుడు. ఇక బలమెక్కడి నుంచి వస్తుంది? నెయ్యిలోంచి, వెన్నలోంచి, పరమాన్నంలోంచి. అంతఃపురంలో అందరూ చెప్పేది అదే. రాజులు తినేది అదే. ఉలవలు గుర్రాలకు వేసే దాణా, పెసలు జ్వరపడి లేచినవాళ్లకు పెట్టే పత్యం. కనుక మారన ఆకులోని నెయ్యన్నమూ బూరెలూ వెన్నా తాను లాగేసి, తన ఆకులోని గుగ్గిళ్లూ గుడ్లూ కార్జమూ వాడి ఆకులోకి తోసేస్తే మారన చిక్కిపోతాడు. తూకంలో తేలిపోతాడు. పనికిరానివాళ్లను వంతెన దాటించి తరిమేస్తారని భటులే చెప్పుకుంటున్నారు. మారన బయటపడ్డాక తాను బురుజెక్కి, మొలలో దాచిన బాకుతో శుష్కనాథుడి సంగతి చూస్తాడు.

గుర్రాల తొడలు ఎప్పుడైనా చూశావా నాయనా అని అతన్ని అడిగేవాళ్లు అక్కడ లేరు. రాజకుమారులకు చాలా విద్యలు నేర్పుతారు గానీ, ఏది తింటే ఏమవుతుందో ఎవరూ నేర్పరు.

ఆ మర్నాటి నుంచి మార్పిడి మొదలైంది. బూచెమ్మ ఎదుటి వరసకు తిరగ్గానే కీర్తిధ్వజుడి చెయ్యి పాములా పక్క ఆకులోకి పోయేది. బూరెలు ఇటు, గుడ్లు అటు. గుండె దడదడలాడుతుంటే నెయ్యన్నం గుటకలు గుటకలుగా మింగేవాడు. ఒకసారి గరిటె చప్పుడు సరిగ్గా అతని వెనకే వినిపించింది. చేతిలో అరిసె ఉంది. అది మారనదా, తనదా? నోట్లో కుక్కేసుకున్నాడు.

"ఏం నాయనా, ముద్ద దిగడం లేదా? దిష్టి తగిలిందేమో" అంటూ బూచెమ్మ అతని తల నిమిరి ముందుకు సాగింది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. అతనికి మాత్రం ఒళ్లు జలదరించింది.

రోజులు గడిచాయి. మారన బుగ్గలు లోపలికి పోయాయి, పొట్ట వీపుకు అంటుకుంది, మెడ సన్నబడింది. అది చూసి కీర్తిధ్వజుడు లోలోపల సంతోషించాడు. తన సంగతే వేరుగా ఉంది. మొలతాడు బిగిసింది. గడ్డం కింద ఇంకో గడ్డం మొలిచింది. తిన్న బూరెల బరువుకు దండీలు తీయలేక మూల నక్కేవాడు. వింతేమిటంటే, ఎవరు నక్కినా కొరడా తీసే కాపలా భటులు అతన్ని మాత్రం పట్టించుకునేవాళ్లు కాదు. ఎందుకు పట్టించుకోవడం లేదో అతను ఆలోచించలేదు, తప్పించుకున్నాం చాలుననుకున్నాడు.

మారన దండీలు తీయక తప్పేది కాదు. కొరడా వాడి నెత్తి మీదే ఆడేది. పొద్దున్నంతా కసరత్తు, కసరత్తు కాగానే గుగ్గిళ్లూ గుడ్లూ, ఆపైన ఒళ్లు తెలియని నిద్ర.

"చినదొరా, నాకు నీరసంగా లేదు" అని ఒకసారి గొణిగాడు వాడు. "తేలిగ్గా ఉంది. నిన్న రాతిగుండు ఎత్తమంటే ఎత్తేశాను. భయమేసి మళ్లీ పడేశాను."

"చిక్కినవాడికి అలాగే ఉంటుందిలే. ఎవరైనా చూస్తుండగా ఏదీ ఎత్తకు. తూకం నాడు గుండు ఎత్తమన్నా ఎత్తకు. ఎత్తలేనట్టు పడిపో" అన్నాడు యువరాజు. భయంలో ఉన్నవాడికి తనకు కావలసిందే కనబడుతుంది కదా.

అమావాస్య వచ్చింది. ఉదయం గోదా మధ్యకు భటుడొచ్చి రెండు పేర్లు పిలిచాడు.

"హేమకూటం మారన. కొండ సింగడు."

లోపలి వాకిలి తలుపులు వెనక మూసుకున్నాయి. వాకిలి నడుమ దూలమంత కాటా. ఒక తట్టలో నున్నటి నల్లరాతి గుండు, రెండో తట్ట ఖాళీ. కుడివైపు బురుజు మెట్లు. ఎడమవైపు తెరిచిన గుమ్మం, గుమ్మం అవతల లోయ మీద దించిన వంతెన, ఆ పైన పచ్చటి అడవి. ఎదురుగా మాత్రం ఏదో పెద్ద యంత్రం మీద గోనెపట్టా కప్పి ఉంది. దాని కింది నుంచి రాతి కాలువలో చిక్కటి నూనె బొట్లుబొట్లుగా కారుతోంది. బురుజు కిటికీల్లో దీపాలు ఎండలో వెలవెలబోతూ వెలుగుతున్నాయి.

"రా నాయనా మారనా. కూర్చో" అంది బూచెమ్మ.

మారన తట్టలో కూర్చున్నాడు. తట్ట గాల్లోనే ఉండిపోయింది, గుండున్న తట్ట కదలలేదు. కీర్తిధ్వజుడికి ఊపిరి వచ్చింది.

"తేలిపోయావే. సరే, లేచి ఆ గుండు ఎత్తు చూద్దాం. ఎత్తాలనిపిస్తేనే సుమా, బలవంతం లేదు."

మారన గుండు చుట్టూ చేతులు వేశాడు. మూలిగాడు, పళ్లు కొరికాడు, కాళ్లు వణికించాడు, చివరికి దబ్బున కూలబడ్డాడు. నాటకాల్లో చేరినా బతికేవాడు.

"పాపం, బక్కోడు" అన్నాడొక భటుడు.

ఆ మాటకు మారన చెవులు ఎర్రబడ్డాయి. కానీ లేవలేదు, గుండు ముట్టలేదు. తల్లి కోసం ఆ మాట కూడా మింగేశాడు.

"వంతెన దాటించండి" అంది బూచెమ్మ తాపీగా.

ఇద్దరు భటులు మారనను గుమ్మం దాటించారు. వాడు వంతెన మీద నడవసాగాడు. ఒక్కసారి వెనక్కి చూశాడు. కీర్తిధ్వజుడు కళ్లతోనే 'నడు, నడు' అన్నాడు. సగం వంతెన దాటాడు మారన. అడవి గాలికి వాడి పైబట్ట రెపరెపలాడుతోంది. గురవమ్మ మొహం కళ్ల ముందు మెదిలి యువరాజుకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇక నువ్వు రా, సింగా."

కీర్తిధ్వజుడు తట్టలో కూర్చున్నాడు. కూర్చోవడమేమిటి, తట్ట ఠంగున నేలకు తగిలింది. గుండు పైకి లేచి ఊగింది. భటులు నవ్వారు. సరే, బురుజెక్కిస్తారు, పైన బాకు దూస్తాను అని అతను గుండె రాయి చేసుకున్నాడు.

భటులు అతన్ని మెట్ల వైపు తీసుకెళ్లలేదు. గోనెపట్టా వైపు ఈడ్చారు. పట్టా లాగేశారు. కింద గానుగ. నువ్వులు ఆడే గానుగ లాంటిదే, కానీ రోలు మనిషి పట్టేంత, రోకలి తాటిమాను అంత.

"ఇదేమిటి?" అన్నాడు కీర్తిధ్వజుడు.

"స్వామివారి దీపాలు రాత్రీ పగలూ వెలగాలి కదా నాయనా. కండ స్వామికి, కొవ్వు దీపాలకు. ఈ కోటలో ఏదీ వృథా పోదు."

అతనికి అప్పుడు తెలిసింది, ఆ దీపాలు దేనితో వెలుగుతున్నాయో. మొలలో బాకు కోసం చెయ్యి పోనిచ్చాడు. పొట్ట మడతల కింద బిగిసిపోయి అది పైకి రాలేదు. ఒకప్పుడు పదిమందిని ఒంటిచేత్తో విసిరేసినవాడు, ఇప్పుడు ఇద్దరు భటుల పట్టులో నాలుగడుగులకే రొప్పుతున్నాడు. కాళ్లు రోట్లోకి జారాయి. రోకలి కిర్రుమంది.

"అమ్మా" అని ఒక్క అరుపు అరిచాడు.

ఆ అరుపు వంతెన మీదికి వినబడింది.

మారన ఆగాడు. ముందు అడవి, వెనక కోట. వాడు ఏ ఆలోచనా చేయలేదు. వెనక్కి తిరిగి పరిగెత్తుకొచ్చాడు. అడ్డొచ్చిన భటుణ్ణి భుజంతో గోడకేసి కొట్టాడు. తిన్నగా కాటా దగ్గరికి వెళ్లి, ఇందాక ఎత్తలేక కూలబడిన ఆ నల్లరాతి గుండును రెండు చేతులా లేపి, తల మీదుగా విసిరాడు. గుండు వెళ్లి గానుగ రోకలికి తగిలింది. రోకలి పెళపెళ విరిగింది. రోలు రెండుగా చీలింది. భటులు చెల్లాచెదరయ్యారు. రోటి ముక్కల మధ్య కీర్తిధ్వజుడు నూనెలో మునిగి, బతికి ఉన్నాడు.

మారన ఆయాసపడకుండా నిలబడి ఉన్నాడు. పైబట్ట ఎప్పుడో జారిపోయింది. ఎండలో వాడి వీపు కనిపించింది. కొవ్వు చుక్క లేదు. వెన్నుకు రెండు పక్కలా కండలు పేనిన మోకుల్లా బిగిసి ఉన్నాయి. కీర్తిధ్వజుడు ఆ వీపును అంతవరకూ అలా చూడనే లేదు.

బూచెమ్మ గరిటె నేలకు ఆనించి, నెమ్మదిగా నవ్వింది.

"చూశావా నాయనా, నువ్వు మేపినవాణ్ణి?"

కీర్తిధ్వజుడు కళ్లలో పడ్డ నూనె తుడుచుకున్నాడు.

"పంక్తిలో నేను భేదం చెయ్యకూడదు. చేస్తే మంత్రం చెడుతుంది. నేను వెనక్కి తిరిగిన ప్రతిసారీ నువ్వు చేస్తున్నావు కదా, అని ఊరుకున్నాను. గుడ్లూ కార్జమూ ఉలవలూ పెసలూ రెండు వాటాలు వాడికే పెట్టావు. నెయ్యీ బెల్లమూ వాడి నోటికి పోకుండా నువ్వే కాపలా కాశావు. కసరత్తు నా భటులు చేయించారు. సొంత తల్లి కూడా ఇంత శ్రద్ధగా చూసుకోదు."

"అబద్ధం" అన్నాడు కీర్తిధ్వజుడు. అది అబద్ధం కాదని అతనికి తెలుసు.

"ఇంకో కట్టడి కూడా ఉంది. రాయి కంటే తేలికైనవాడు, ఆ రాయిని తన ఇష్టంతో ఎత్తాలి, అప్పుడే వాడి కండ స్వామి ఒంటికి అతుకుతుంది. నేను ఎత్తించకూడదు. అందుకే వాణ్ణి వంతెన ఎక్కించి, నిన్ను రోట్లో దింపాను. నీ అరుపు వింటే తిరిగి రాకుండా ఉంటాడా?"

మారన ఆమె వైపు చూడలేదు. యువరాజు దగ్గరికి వచ్చి చెయ్యి పట్టి రోటి ముక్కల్లోంచి లేపాడు.

"పద చినదొరా. వంతెన ఇంకా దించే ఉంది."

ఇద్దరూ గుమ్మం వైపు ఉరికారు. గుమ్మం దాటారు. వంతెన మొదటి పలక మీద కాలు పడిందో లేదో, పై నుంచి ఆ ఎండుటాకుల గొంతు వినిపించింది.

"నా వీపు ఎక్కడికి పోతోంది?"

బురుజు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. తేలు పచ్చబొట్టు చెయ్యి. చూపుడు వేలు ఒక్కసారి వంగింది, పిల్లల్ని పిలిచినట్టు. మారన కాళ్లు పలక మీంచి లేచాయి. వాడు గాల్లోకి, వెనక్కి, పైకి, ఎవరో పైబట్ట పట్టి లాగుతున్నట్టు పోసాగాడు. ఒంటి మీద పైబట్టే లేదు. లాగుతున్నది వీపునే.

"చినదొరా" అన్నాడు మారన. ఆ పిలుపులో అంత భయం యువరాజు ఎన్నడూ వినలేదు.

కీర్తిధ్వజుడు ఎగిరి వాడి రెండు చీలమండలూ పట్టుకున్నాడు. పట్టుకుని వేలాడాడు. ఒక్కసారిగా లాగుడు ఆగింది. మారన గాల్లో ఆగి, కొద్దిగా కిందికి దిగాడు. కీర్తిధ్వజుడి పాదాలు మళ్లీ పలకకు ఆనాయి. పైన శుష్కనాథుడు కసిరాడు. వేలు మళ్లీ వంగింది. వంతెన తాళ్లు కిర్రుమన్నాయి, కానీ ఇద్దరూ కదలలేదు. మంత్రం ఆ నల్లరాయి బరువుకు మించి మొయ్యలేకపోతోంది కాబోలు. ఈ బరువైనా పనికొచ్చింది దేవుడా అనుకుంటూ కీర్తిధ్వజుడు ఉన్న కొవ్వునంతా కిందికి దిగలాగాడు.

గుమ్మంలో బూచెమ్మ కనబడింది.

"వదిలెయ్ నాయనా. వాణ్ణి వదిలేస్తే నీకు దారి ఇస్తాను. నడిచి వెళ్లిపో. పిండడానికి గానుగ కూడా లేదు ఇప్పుడు."

"అది నిజమే చెబుతోంది. వదిలెయ్ చినదొరా" అన్నాడు పై నుంచి మారన. "నా చర్మం కదులుతున్నట్టుంది. నువ్వు చూడొద్దు. అమ్మ దగ్గరికి నువ్వైనా పో."

"ఏం మొహం పెట్టుకుని పోను? నీ కొడుకును నేనే మేపి అప్పజెప్పానని చెప్పనా?"

"నన్ను ఒక పులి ఎత్తుకుపోయిందని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

"చెప్పను. వదలను."

అతని చేతుల నిండా గానుగ నూనె. చీలమండలు చెమటతో తడిసి ఉన్నాయి. వేళ్లు కొద్దికొద్దిగా జారుతున్నాయి. గోళ్లు దించి పట్టుకున్నాడు. మారనకు నెత్తురొచ్చింది, వాడు మూలగలేదు.

పైన కిటికీలోకి రెండో చెయ్యి కూడా వచ్చింది, ఆ ఎండుపుల్ల చెయ్యి. దాని వేళ్లు కూడా వంగాయి. ఈసారి శుష్కనాథుడు మారనను పిలవలేదు.

"నువ్వు కూడా రా, లావుపాటి రాజకుమారా" అన్నాడు.

మారన చినదొరా చినదొరా అనడం విని వాడు తన సంగతి పసిగట్టాడని కీర్తిధ్వజుడికి అర్థమయ్యేలోపు మడమలు లేచాయి. తర్వాత మునివేళ్లు లేచాయి. కాలితో పలకను వెతుక్కున్నాడు, దొరకలేదు. గాలి కింది నుంచి చల్లగా కొట్టింది.

"కిందికి చూడకు చినదొరా" అన్నాడు మారన.

అతను చూశాడు. వంతెన పక్కకు జరిగిపోయి ఉంది. కింద పొగమంచు, పొగమంచు కింద లోయ, ఆ లోయకు అడుగు కనిపించలేదు. ఒక చీలమండ వేళ్ల మధ్య నుంచి జారిపోయింది, అతని చేతుల్లో మారన రెండో చీలమండ ఒక్కటే మిగిలింది.